ఫ్యూజుకు చుట్టిన రాగి తీగ

మా బండల ఫ్యాక్టరీలో ఫ్యూజు పోతే ఎవరూ ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూడరు. కటింగ్ మిషన్ ఆగిపోగానే మాలో ఎవడో ఒకడు వెళ్లి పింగాణీ ఫ్యూజు పీకి, పాత వైరులోంచి రెండు రాగి పోగులు లాగి, మెలేసి, బిగించి, మళ్లీ గుచ్చుతాడు. అదీ పోతే మూడు పోగులు. మూడూ పోతే ఆరు. ఆరు పోగులు వేశాక ఇక ఫ్యూజు పోదు, పోతే మోటారే పోవాలి. తాండూరులో పద్దెనిమిదేళ్లుగా బండలు కోస్తున్నాను. ఫ్యూజు కట్టడంలో నా అంత వాడు లేడని నలుగురిలో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

ఆ ఫ్యాక్టరీలో ఇంకొకటి కూడా అలవాటైంది. రాయిని రంపం కోస్తున్నప్పుడు మాటలు పనికిరావు. సరిహద్దు అవతలి నుంచి వచ్చే కన్నడం వాళ్లూ మేమూ అందరం సైగలతోనే మాట్లాడుకుంటాం. అరచెయ్యి అడ్డంగా ఊపితే మిషన్ ఆపమని. వేలు కిందికి చూపిస్తే కాలి దగ్గర చూసుకోమని. బొటనవేలు నోటికి ఆనిస్తే చాయ్ వచ్చిందని. అందుకే నా చెవులు పోతున్న సంగతి అక్కడ ఎవరికీ తెలియలేదు. నాకే ఆలస్యంగా తెలిసింది. మొదట పొద్దున పిట్టల అరుపులు పోయాయి. తర్వాత ఫోను మోత. ఆ తర్వాత ఎదుటివాడు మాట్లాడుతుంటే మాటల చివర్లు ఊడిపోవడం మొదలైంది.

"ఇనబడుతలేదు నీకు. వికారాబాద్ పోయి జర డాక్టర్‌కు సూపిచ్చుకో" అని మా ఆవిడ ఏడాదిగా చెబుతోంది. చెప్పినప్పుడల్లా నేను గయ్యిమనేవాణ్ణి. "నాకేం చెవుడా?" అనే మాట నా నాలుక మీదే ఉండేది.

ఆ కోపం వెనక భయం ఉంది. మా తాతకు చెవుడు. గొర్రెల మందలో పుట్టి మందలోనే ముసలివాడైన మనిషి. ఎవరి గొర్రె ఏదో అరుపును బట్టి చెప్పగలిగేవాడట. చెవులు పోయాక ఆయన పేరు కూడా పోయింది. ఊరంతా "చెవిటోడు" అనేది. పిల్లలు వెనకనుంచి గులకరాళ్లు విసిరి, తిరిగి చూస్తాడో లేదోనని పందెం కాసేవారు. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను. ఆ రాళ్లు ఇప్పుడు నా వీపు వైపు వస్తాయని నాకు గట్టి నమ్మకం.

వికారాబాద్‌లో మా బంధువుల పెళ్లి. ఊరేగింపులో డీజే బండి నా పక్కనే ఆగింది. అప్పటికి పాటలు వినడం మానేసి చాలా కాలమైంది. విన్నా రేకు డబ్బాలో గింజలు ఆడించినట్టు ఉండేది. ఆ రోజు బండి మీది పెద్ద స్పీకరు డబ్బా ఒక్కసారి గుద్దేసరికి పాట చెవితో పని లేకుండా నా రొమ్ములోకి వచ్చేసింది. తాళం తెలిసింది. తాళాన్ని పట్టుకుని పాట ఏదో గుర్తుపట్టాను. నడిబజారులో నిలబడి ఏడ్చాను. తాగి ఏడుస్తున్నానని మా బావమరిది నన్ను పక్కకు లాగాడు.

మాకొక చిన్న పాత కారు ఉంది. మా ఊరు వికారాబాద్‌కూ తాండూరుకూ మధ్య. పొద్దున్నే మా బిడ్డను తాండూరులో బడి దగ్గర దింపి నేను ఫ్యాక్టరీకి పోతాను. అప్పుడు నాలుగో తరగతి. వెనక సీటులో ఎడమవైపు దాని చోటు. ముందు కూర్చోబెట్టొద్దని మా ఆవిడ ఆర్డరు, వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోకుండా లాకు కూడా ఆమే వేయించింది. అంత జాగ్రత్త గల మనిషి ఆమె. ఆ కారులో అలా రొమ్ములో గుద్దే స్పీకరు, సబ్‌వూఫర్, పెట్టించాలని పెళ్లి నుంచి వస్తూ దారిలోనే నిర్ణయించుకున్నాను.

వికారాబాద్‌లో బస్టాండు దగ్గరి సందులో ఒక కారు సామాన్ల దుకాణం ఉంది. ఫిట్టర్ నాకన్నా చిన్నవాడు, మంచి పనివాడు. గోడ నిండా అట్టపెట్టెలు. ఒక్కోదాని మీద వేలల్లో వాట్లు రాసి, మంటల బొమ్మలు వేసి ఉన్నాయి.

"డబ్బ మీది వాట్లు జూసి ఆగం కాకు అన్నా" అన్నాడు. "పెళ్లి సంబంధం జెప్పెటోళ్ల లెక్కనే గిది. ఉన్నదానికి పదింతలు జెప్తరు. లోపల ఆర్‌ఎంఎస్ అని సిన్నగ రాస్తరు సూడు, గదే అసలు బలం."

సీటు కింద పట్టే సన్నది చూపించాడు. డిక్కీలో పెట్టే పన్నెండంగుళాల డబ్బా చూపించాడు. తక్కువలో కావాలంటే పెద్ద కంపెనీది అక్కర్లేదు, డబ్బా చెక్క మందంగా ఉందో లేదో వేలితో కొట్టి చూసుకో, యాంప్లిఫయర్ మాత్రం స్పీకరు తట్టుకునేంతే ఉండాలి అన్నాడు. అతడు మోగిస్తుంటే నేను రెంటి మీదా అరచెయ్యి ఆనించి చూశాను. పన్నెండంగుళాలదాని అదురు నా మోచేతి దాకా వచ్చింది. అదే కావాలన్నాను.

తర్వాత వైర్ల సంగతి ఎత్తాడు. "వైరుల కంజూసు జేయకు అన్నా. అసలు రాగి తీస్కో. బ్యాటరీ కాన్నుంచి జానెడు దూరంల ఫ్యూజు ఉండాలె. రేకుల రంధ్రం కాడ రబ్బరు బుష్ ఉండాలె. వైరు ఏడన్న రాపిడైతే ఫ్యూజు పోయి బండి బతుకుతది. ఫ్యూజు లేకుంటే బండే ఫ్యూజైతది."

అతడు ఇదంతా రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి సగం వినబడలేదు. రెండోసారి నా ముఖం దగ్గరికి వంగి, పక్కనున్న గిరాకీలు తిరిగి చూసేలా, "ఇనబడుతలేదా అన్నా? చెవులకేమన్నయిందా?" అని గట్టిగా అడిగాడు. ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే అడిగాడు. కానీ నాకు మా తాత వీపు గుర్తొచ్చింది. "నీ ఫిటింగ్ వద్దు, నీ వైర్లు వద్దు. గవి రెండు కట్టియ్యి" అన్నాను. డబ్బా, యాంప్లిఫయరు కారులో వేసుకుని వచ్చేశాను. బండలు కోసే మిషన్‌కే వైరింగు చేసే నాకు కారెంత అనుకున్నాను.

వైరు తాండూరులో ఇంకోచోట కొన్నాను. ఎర్రగా, బొటనవేలంత లావుగా చూడముచ్చటగా ఉంది, చవకగానూ వచ్చింది. లోపలి తీగ బ్లేడుతో గీకి చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఆదివారం పొద్దున వాకిట్లో కారు విప్పాను. బోనెట్ వెనక రేకుకు రంధ్రం చేసి వైరు లోపలికి తోశాను. రబ్బరు బుష్ లేదు, ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టాను. ముందు సీటు పట్టాల పక్కనుంచి, వెనక కాళ్ల దగ్గరి మ్యాటు కిందినుంచి వైరును డిక్కీలోకి లాగాను. మా బిడ్డ మ్యాటు ఎత్తి పట్టుకుంది.

"నాయినా, గీ వైరు నా కాళ్ల కిందికెళ్లి పోతదా?"

"అవు బిడ్డా. పాట నీ కాళ్ల కిందికెళ్లే పోతది."

అది నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టాను. ఆ మాత్రం పెట్టాను. గాజు గొట్టం లాంటి ఫ్యూజు, లోపల సన్నటి రేకు. పాట పెట్టేసరికి కారు అద్దాలు వణికాయి. నా వెన్ను సీటుకు ఆనించి కళ్లు మూసుకున్నాను. మాటలు వినబడకపోయినా పాట నాదే అనిపించింది. ఎన్నాళ్లకో నాకు మళ్లీ సంతోషం కలిగింది.

నాలుగో రోజు ఫ్యూజు పోయింది. కొత్తది వేశాను. రెండు రోజులకు అదీ పోయింది. ఫ్యూజు ఎందుకు పోతోందని అడగాల్సిన మనిషిని నేనే. మా అమ్మను దవాఖానకు తీసుకెళ్లడానికి ముందు సీటు వెనక్కి జరిపానని, ఆ సీటు పట్టా వైరు మీద కూర్చుందని చూడాల్సినదీ నేనే. చూడలేదు. పద్దెనిమిదేళ్ల అలవాటు నా చేతుల్లో ఉంది. పాత వైరు ముక్కలోంచి నాలుగు రాగి పోగులు లాగి గాజు గొట్టం చుట్టూ రెండు మూతులకూ తగిలేలా చుట్టి బిగించాను. ఆ తర్వాత ఫ్యూజు పోలేదు.

కారు ఊళ్లోకి వస్తుంటే రోడ్డు పక్క గొర్రెలు మేత ఆపి తలలెత్తేవి. మా అమ్మ అది చూసింది. "గొర్లు అదురుతున్నయ్ కొడుకా. కాళ్లల్లకు ఏందో అస్తుందేమో వాటికి. బండికి దిష్టి తాకింది" అంది. ఎండు మిరపకాయలూ ఉప్పూ కారు చుట్టూ తిప్పి, పెనంలో నిప్పుల మీద వేసి, తలుపులు తెరిచి పొగ లోపలికి పట్టింది. మిరపకాయలు కాల్చితే రావాల్సిన ఘాటు రాలేదట. అంటే దిష్టి గట్టిదేనట. మా ఆవిడ నవ్వుకుంది. నేనూ నవ్వుకున్నాను. మర్నాటి నుంచి కారులో మాడు వాసన వస్తుంటే, అమ్మ పట్టిన పొగ సీట్లకు పట్టిందనుకున్నాం.

వాసన మొదలైన పొద్దున్నే ఇంకొకటి జరిగింది. పాట పెట్టుకుని పోతున్నాను. వెనకనుంచి మా బిడ్డ ఏదో అంది. నాకు అందలేదు. మళ్లీ అంది. మూడోసారి గొంతు చించుకుని "నాయినా!" అని అరిచింది. ఆ అరుపు నాకు వినబడింది. నా చెవిలో కన్నా నా పరువులో వినబడింది.

"ఎందుకొర్లుతున్నవ్? నేనేమన్న చెవిటోన్నా? ఇంగోపారి అరిస్తె బస్సుల పంపుత!"

అద్దంలో చూశాను. కళ్లు కిందికి దించుకుంది. దానికి బస్సంటే వాంతులు. ఏం చెప్పబోయిందో నేను అడగలేదు. పాట ఇంకాస్త పెంచాను.

మర్నాడు వాసన ఇంకా ఎక్కువైంది. కంది కోతలు అయిపోయి చేలల్లో కంది కట్టె కాలబెట్టే రోజులు. మా దారి పొడవునా పొగలే. మా ప్రాంతంలో ఆ నెలల్లో మాడు వాసన వస్తే ఎవరూ తల తిప్పి చూడరు. బండల లారీల దుమ్ముకు తోడు పొగ కూడా ఎందుకని అద్దాలు పూర్తిగా ఎక్కించాను. అద్దంలో మా బిడ్డ పెదాలు కదులుతున్నాయి. పాడుకుంటోంది అనుకున్నాను.

మూడో రోజు అది బూట్లతో సహా కాళ్లు సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది. సీటు కవరు కొత్తది.

"కాళ్లు కిందికి పెట్టు" అన్నాను.

పెట్టలేదు. పెదాలు కదిలాయి.

"పెట్టుమంటున్న గదా!"

పెట్టింది. మెల్లగా, ఒక్కొక్క కాలు దించింది. నీళ్ల చల్లదనం చూసి కాలువలోకి దిగేవాళ్లలా దించింది. ఆ దించడం అద్దంలో నా కళ్లతో నేను చూశాను.

తాండూరు ఇంకా దూరం ఉందనగా రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. ఆపాను. మంద రెండుగా చీలి మా కారుకు దూరంగా జరిగిపోయింది. గొర్రెలకాపరి భుజాన గొంగడి వేసుకుని ఎదురుగా నిలబడి నా వైపు చూసి నోరు తెరిచి అరుస్తున్నాడు. నా పాటకు గొర్రెలు బెదిరాయని తిడుతున్నాడనుకున్నాను. మావాడే, మా కులపోడే, అయినా ఒళ్లు మండింది. హారన్ కొట్టాను. అతడు కర్ర ఎత్తి నా బోనెట్ మీద కొట్టాడు. పళ్లు కొరుకుతూ అద్దం దించబోయాను.

అప్పుడతడు అరవడం మానేశాడు. అరచెయ్యి అడ్డంగా ఊపాడు. తర్వాత వేలు కిందికి, కారు ఎడమవైపు వెనక తలుపు కిందికి చూపించాడు.

ఆ సైగ నాకు తెలుసు. మిషన్ ఆపు. కాలి దగ్గర చూసుకో.

వెనక్కి తిరిగాను. మా బిడ్డ మోకాళ్ల దాకా పొగలో ఉంది. తలుపు పిడి పట్టుకుని లాగుతోంది. లోపలినుంచి అది తెరుచుకోదు. నోరు పెద్దగా తెరిచి ఉంది. ఆ నోటిలోంచి నాకు ఏమీ వినబడటం లేదు. పాట మాత్రం నా వెన్నులో దబ్ దబ్ మని కొడుతూనే ఉంది.

ఎట్లా దిగానో గుర్తులేదు. తలుపు బయటినుంచి తెరిచి దాన్ని రెండు చేతులా లాక్కున్నాను. మ్యాటు అంచున సన్నగా మంట లేచింది. కాపరి నన్ను పక్కకు తోసి గొంగడి దాని మీద పరిచి తొక్కాడు. ఉన్ని గొంగడి తొందరగా అంటుకోదని మా ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. నేను బోనెట్ ఎత్తాను. వైరు పైన ప్లాస్టిక్కు మైనంలా కారుతోంది. నేను చుట్టిన నాలుగు పోగులు ఎర్రగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి. అంత గట్టిగా చుట్టాను. నా తువ్వాల చేతికి చుట్టుకుని వైరు పీకేశాను. అప్పుడు పాట ఆగింది.

కాపరి మా బిడ్డ దగ్గర కూర్చుని బూటు విప్పుతున్నాడు. తెల్ల బూటు అడుగు కరిగి, మ్యాటు మీది గళ్లు దాని మీద అచ్చు పడ్డాయి. మడమ మీద రూపాయి బిళ్లంత పొక్కు.

"నూరుసార్లు ఒర్లిన గదన్నా" అన్నాడు అతడు నా ముఖానికి ఎదురుగా వచ్చి. "లోపల పిల్ల గుద్దుతుంది అద్దాన్ని. నీకు ఇనబడుతలేదా?"

ఈసారి నాకు కోపం రాలేదు. ఇనబడుతలేదు అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. మందను రోడ్డు పక్కనే వదిలేసి అతడు వెనకొచ్చిన ఆటోను ఆపి మమ్మల్ని ఎక్కించాడు. గొంగడి కాలిపోయింది, కొత్తది ఇప్పిస్తానంటే చెయ్యి అడ్డంగా ఊపాడు.

తాండూరులో దవాఖానలో కట్టు కట్టారు. పది రోజుల్లో మానుతుందన్నారు, మానింది. కారును తర్వాత తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మిగిలిన ఎర్ర వైరు ముక్కను అప్పుడు బ్లేడుతో గీకి చూశాను. లావంతా ప్లాస్టిక్కే. లోపల సన్నటి తీగ, పైపైన రాగి పూత, గీకితే తెల్లగా బయటపడింది. అప్పుడైనా తప్పు వైరుది అనుకోవాలని చూశాను. మనసు ఒప్పుకోలేదు. వైరు అబద్ధమైతే కనిపెట్టడానికే ఫ్యూజు ఉంది. ఆ ఫ్యూజు రెండుసార్లు చెప్పింది. దాని నోరు కట్టేసింది నేను.

ఆ రోజు దవాఖాన నుంచి వచ్చాక సాయంత్రం మా ఆవిడ కరిగిన బూటును తెచ్చి నా ముందు పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. మా అమ్మ దిష్టి సంగతి ఎత్తబోతే, "ఊకో అత్తా" అని మాత్రం అంది. మా బిడ్డ మంచం మీద కట్టు కాలు చాపుకుని కూర్చుని అన్నం తింటోంది. నేను వెళ్లి ఎదురుగా కింద కూర్చున్నాను.

"కాళ్లకు కాలుతుందని నాకెందుకు జెప్పలే బిడ్డా?" అన్నాను.

అది తినడం ఆపి నా వైపు చూసింది. తప్పు చేసినదానిలా ఒకసారి వాళ్లమ్మ వైపు చూసింది.

"చెప్పిన నాయినా. మూడు దినాలసంది చెప్తనే ఉన్న. నువ్వు ఒర్లొద్దంటివి గద, అందుకని మెల్లగ చెప్పిన."

ఇది కూడా మెల్లగానే చెప్పింది. నాకు వినబడలేదు. దాని పెదాలు చూసి తెలుసుకున్నాను.